క్లిక్‌మంది సరే... గుర్తుందా?

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్తే మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి సంగీత గడియారం దగ్గర ఉండాలి. పన్నెండుకైతే పన్నెండు గంటలూ వినొచ్చని తెలిసినవాళ్లు ముందుగానే వచ్చి చోటు చూసుకుంటారు. గడియారంలో ఒక పక్క కమ్మరి బొమ్మ సుత్తితో సెకన్లు కొడుతూనే ఉంటుంది, దానికి విరామం లేదు. వేళ కాగానే తలుపు తెరుచుకుని ఇంకో బుల్లి మనిషి బయటికొస్తాడు. గంటలు కొడతాడు. మళ్లీ లోపలికి పోతాడు. పందొమ్మిదో శతాబ్దపు ఈ తమాషా అంతటితో సరి.

ఆ కాస్సేపట్లో గడియారం కన్నా జనాన్ని చూడటమే బాగుంటుంది. బుల్లి మనిషి తల కనపడీ కనపడగానే చేతులన్నీ పైకి లేస్తాయి. వెనక వరసలోవాళ్లకి ముందు వరస ఫోన్లలోని గడియారమే గతి. నాన్న భుజాల మీదెక్కి కూర్చున్న పిల్లలు మాత్రం నోళ్లు తెరుచుకుని అసలు గడియారాన్ని చూస్తుంటారు. ఆట ముగిశాక, ‘ఇంతకీ వాడు ఏ పక్క తలుపులోంచి వచ్చాడు?’ అని అడిగి చూడండి. పిల్లలు చెయ్యెత్తి చూపిస్తారు. పెద్దవాళ్ల చెయ్యి జేబులోకి పోతుంది. వీడియో ఉంది కదా, చూసి చెబుతారు!

ఫోన్‌లో ఉంది కాబట్టి మనకు గుర్తున్నట్టే అన్న ధీమా ఇది. అది ఎంతవరకు నిజమో తేల్చడానికి పరిశోధకులు దశాబ్దానికి పైగా తంటాలు పడుతున్నారు. తేలిన సంగతులు ఫొటోల్ని తిట్టిపోసేవాళ్లకీ, రోజుకు వంద తీసేవాళ్లకీ ఇద్దరికీ పూర్తిగా రుచించవు.

తీసినవి పదిహేను, చూసినవి పదిహేను

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో ఫెయిర్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి మనస్తత్వశాస్త్ర ఆచార్యురాలు లిండా హెంకెల్, క్యాంపస్‌లోనే ఉన్న బెల్లార్మిన్ మ్యూజియంలో విద్యార్థుల్ని తిప్పి ఒక పరీక్ష పెట్టారు. చిత్రాలు, శిల్పాలు, మట్టిపాత్రలు, నగలు... మొత్తం 30 వస్తువులు. అందులో 15 ఫొటో తీయాలి, 15 ఊరికే చూడాలి. ఏది తీయాలో, ఏది చూడాలో ముందే రాసిచ్చారు. మర్నాడు పిలిచి ఏమేం గుర్తున్నాయని అడిగారు. ఊరికే చూసినవాటితో పోలిస్తే ఫొటో తీసిన వస్తువులు తక్కువగా గుర్తున్నాయి. ఆ శిల్పం చేతిలో ఏముంది లాంటి వివరాల దగ్గరకొచ్చేసరికి ఇంకా తడబడ్డారు. 2014లో ‘సైకలాజికల్ సైన్స్’ పత్రికలో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. అప్పట్నుంచీ ఫొటో తీస్తే మర్చిపోతామన్న మాట లోకంలో స్థిరపడిపోయింది.

అదే పరిశోధనలోని రెండో సగం మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. మరో విడతలో హెంకెల్ కొన్ని వస్తువుల్ని దగ్గరగా జూమ్ చేసి, ఏదో ఒక భాగాన్నే తీయమన్నారు. విచిత్రంగా అప్పుడు నష్టం జరగలేదు. జూమ్ చేసిన ముఖమే కాదు, ఫ్రేములోకి రాని పాదాలు కూడా గుర్తున్నాయి. కెమెరా అదే, తీసే చెయ్యీ అదే. మారిందల్లా ఒక్కటే: ఏ భాగం తీయాలి, ఎక్కడి దాకా తీయాలి అని మనసు పెట్టి చూడాల్సి రావడం.

మొదటి విడతలో మరపు ఎందుకొచ్చినట్టు? దానికి అందరికీ తట్టే వివరణ ఒకటుంది. బరువు దించేసుకున్నాం, అందుకని మర్చిపోయాం. 2011లో కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన బెట్సీ స్పారో, తోటి పరిశోధకులతో కలిసి ‘సైన్స్’ పత్రికలో రాసింది ఇంచుమించు ఇదే: ఒక సమాచారం కంప్యూటర్‌లో భద్రంగా ఉందనుకుంటే దాన్ని మనం గుర్తుపెట్టుకునే ప్రయత్నం మానేస్తాం. ఫోన్ నంబర్లు నోటికి రావడం ఎప్పుడు ఆగిపోయిందో ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. ల్యాండ్‌లైన్ రోజుల్లో పిన్నిగారింటి నంబరు, వీధి చివరి కిరాణా కొట్టు నంబరు, ఆఫీసు ఎక్స్‌టెన్షన్ అన్నీ నాలుక చివరే ఉండేవి. ఇప్పుడు కట్టుకున్నవాళ్ల నంబరు కూడా చూసే చెప్పాలి.

అయితే 2018లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటాక్రజ్ క్యాంపస్‌లో జూలియా సోరెస్, బెంజమిన్ స్టార్మ్ ఈ వివరణకు మెలిక పెట్టారు. ఫొటో ఉంటుందన్న భరోసాతోనే మర్చిపోతుంటే, ఫొటో ఉండదని ముందే తెలిస్తే గుర్తుండాలి కదా? అందుకని తీసిన వెంటనే చెరిపేయమన్నారు. కాసేపటికి దానంతటదే మాయమయ్యే స్నాప్‌చాట్‌లోనూ తీయించారు. అయినా మరపు పోలేదు. ఫొటో మిగలకపోయినా జ్ఞాపకం దెబ్బతింది.

ఈ ఫలితమే నన్ను బాగా ఆలోచింపజేసింది. ‘అంతా గ్యాలరీలో ఉంది కదా’ అని సర్దిచెప్పుకోవడానికి కూడా అది చోటివ్వదు. ఫోన్ ఎత్తి, వెలుతురు చూసి, ఎవరిదో తల అడ్డొస్తే పక్కకు జరిగి, తెర మీద వేలు నొక్కేసరికి మన పని అయిపోయిందన్న తృప్తి లోపల కలుగుతుంది. చూడటం పూర్తయిందని మనసు సంతకం పెట్టేస్తుంది. నిజానికి చూపు అప్పటికింకా మొదలే కాలేదు.

కన్ను తెరిస్తే చెవి మూత

ఇక్కడితో ఆపేస్తే కథ సుఖంగా ఉండేది. ఫోన్లు పక్కన పెట్టండి, కళ్లారా చూడండి అని నాలుగు మాటలు చెప్పి ముగించొచ్చు. కానీ 2017లో అదే ‘సైకలాజికల్ సైన్స్’లో అలిగ్జాండ్రా బరాష్, క్రిస్టిన్ డీల్, జాకీ సిల్వర్‌మన్, గాల్ జాబర్‌మన్ ఇంకో మాట చెప్పారు. వీళ్లు జనాన్ని ప్రాచీన ఇటలీకి చెందిన ఎట్రుస్కన్ వస్తువుల ప్రదర్శనకు పంపారు. చెవిలో ఆడియో గైడ్. సగం మంది చేతిలో కెమెరా, సగం మంది చేతులు ఖాళీ. ఏది తీయాలో ఎవరూ చెప్పలేదు, ఇష్టమైనవి తీసుకోండన్నారు. చూసి బయటికొచ్చాక అడిగితే, కెమెరా ఉన్నవాళ్లకే వస్తువులు బాగా గుర్తున్నాయి. తాము ఫొటో తీయని వస్తువుల్ని కూడా వాళ్లు బాగానే గుర్తుపట్టారు! కెమెరా చేతిలో ఉంటే ‘ఏది తీద్దామా’ అని కన్ను వెతుకుతూనే ఉంటుంది మరి.

నష్టం మరోచోట జరిగింది. ఆడియో గైడ్ ఏం చెప్పిందన్న ప్రశ్నల్లో కెమెరావాళ్లు వెనకబడ్డారు. కన్ను ఎక్కువ తీసుకున్నకొద్దీ చెవికి తక్కువ మిగిలింది. మళ్లీ సాలార్‌జంగ్‌కి వెళ్దాం. గడియారం రంగూ రూపూ వీడియో తీసినవాళ్ల మనసులో బాగానే నిలిచి ఉండొచ్చు. అది సంగీత గడియారం. వచ్చిందే వినడానికి.

మొదటి ఆటకు వెళ్లే అభిమానులకిది అనుభవమే. తెర మీద హీరో పేరు పడే క్షణం కోసం ఫోన్ సిద్ధంగా పట్టుకుని కూర్చుంటారు. ఆ పేరు ఏ రంగులో పడిందో, అక్షరాలు ఎలా విరిగి కలిశాయో చక్కగా చెబుతారు. వెనక వాయించిన వాద్యమేమిటని అడిగితే సినిమా మళ్లీ చూడాలి. (ఎలాగూ చూస్తారనుకోండి.)

డీల్, జాబర్‌మన్, బరాష్ అంతకు ముందు ఏడాది, 2016లో, ఫొటోల వల్ల ఆనందం తగ్గుతుందా అన్న ప్రశ్న మీద తొమ్మిది ప్రయోగాలు చేశారు. రెండువేల మందికి పైగా పాల్గొన్నారు. ఫిలడెల్ఫియాలో డబుల్ డెక్కర్ బస్సు యాత్ర మొదలు మధ్యాహ్న భోజనం దాకా రకరకాల సందర్భాల్లో, ఎక్కువసార్లు ఫొటోలు తీసినవాళ్లే ఎక్కువ ఆనందించారు. మ్యూజియంలో వాళ్ల చూపు ఎటు పోతోందో ప్రత్యేకమైన కళ్లద్దాలతో కొలిస్తే, ఫొటోలు తీసేవాళ్లే వస్తువుల్ని ఎక్కువసేపు చూశారు. రెండుచోట్ల మాత్రం లెక్క మారింది. సింహాలు అడవిదున్న మీద పడి చంపే దృశ్యాన్ని ఫొటో తీస్తూ చూసినవాళ్లు మామూలుగా చూసినవాళ్ల కన్నా ఎక్కువ బాధపడ్డారు. పని తామే స్వయంగా చేస్తూ లీనమైనప్పుడు, ఫొటో వల్ల అదనంగా వచ్చిన ఆనందమేమీ లేదు. ముగ్గు వేస్తున్నవాళ్లకి ఫొటో ఏం చేస్తుంది? ఆనందం ముగ్గే ఇచ్చేస్తుంది.

హెంకెల్ ఒకటి చెప్పారు, బరాష్ మరొకటి చెప్పారు, ఎవరిది నిజం అని అడిగితే ఇద్దరిదీ నిజమే అనాలి. తేడా మనిషి చేతిలో ఉంది. ఒకచోట ‘ఇది తీయి’ అని చెప్పి తీయించారు. ఇంకోచోట తీసేవాళ్లే ఏరుకున్నారు. మన టూర్లలో ‘ఇది సెల్ఫీ పాయింట్, అందరూ దిగండి’ అంటే బస్సు దిగి వరసలో నిలబడి తీసుకునే ఫొటో మొదటి రకం. ట్యాంక్‌బండ్ దగ్గర ‘లవ్ హైదరాబాద్’ అక్షరాల ముందు తీసుకునేదీ అంతే. ఆ ఫొటోలో అందరూ నవ్వుతుంటారు. ఆ రోజు హుస్సేన్‌సాగర్ మీద గాలి వీచిందో లేదో ఎవరికీ తెలియదు.

ముహూర్తం చూపుకే పెట్టారు

తెలుగువాళ్లకు ఫొటో అంటే పెళ్లి. అందుకని కాస్త మండపంలో కూర్చుందాం.

ముహూర్తం దగ్గరపడింది. పెళ్లికొడుకు తూర్పు ముఖంగా, ఎదురుగా పెళ్లికూతురు, మధ్యలో తెర. ఇద్దరి చేతుల్లో జీలకర్రా బెల్లం ముద్ద. పురోహితుడు ఒక కంట గడియారం చూసుకుంటూ మంత్రం చదువుతున్నాడు. మండపం చుట్టూ స్టిల్ కెమెరా ఒకటి, వీడియో రెండు, క్యాండిడ్ కోసం విడిగా వచ్చిన కుర్రాడు, లైటు పట్టుకున్న పిల్లాడు, తల మీద గుయ్యిమంటూ డ్రోన్. గట్టిమేళం మోగింది. ముద్దలు తలల మీదికెళ్లాయి. తెర దిగింది. ‘అక్కా, చెయ్యి అలాగే ఉంచండి... అన్నా, కొంచెం ఇటు చూడండి... పంతులుగారూ, మీరొక్కసారి వెనక్కి...’

మన పెళ్లిలో అసలు ముహూర్తం ఆ క్షణానికే. జీలకర్రా బెల్లం తల మీద పెట్టి, తెర తీశాక వధూవరులు ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకోవాలి. పంచాంగం తిరగేసి, తారాబలం, చంద్రబలం చూసి, తెల్లవారుజామున మూడింటికైనా సరే అని ఊరందర్నీ లేపి కూర్చోబెట్టేది ఆ చూపు కోసం. చూపుకే ముహూర్తం పెట్టిన జాతి మనది. సరిగ్గా ఆ వేళకి ఇద్దరూ కెమెరా వంక చూస్తున్నారు!

వచ్చిన బంధువుల సంగతి మరీ చోద్యం. మండపానికీ కుర్చీలకీ మధ్య ఫొటోగ్రాఫర్ల వీపులు గోడ కట్టేస్తాయి. అందుకని ఫంక్షన్ హాల్లో రెండు పక్కలా ఎల్‌ఈడీ తెరలు పెడతారు. రెండొందల కిలోమీటర్లు ప్రయాణం చేసి వచ్చిన మేనమామ మేనకోడలి పెళ్లిని టీవీలో చూసి, మూడో వరసలోంచి అక్షింతలు విసిరితే కెమెరామన్ నెత్తిన పడతాయి. ఆయన దులుపుకుని మళ్లీ పనిలో పడతాడు. ఆశీర్వాదం ఎవరికి చేరిందో మరి.

ఫొటోగ్రాఫర్‌ని నిందించడం నా ఉద్దేశం కాదు. ఆ వృత్తిలో తల పండినవాళ్లని అడిగితే వాళ్ల వైపు నుంచి ఒక మంచి మాట చెబుతారు. పీటల మీద తలొంచుకుని కూర్చున్న అమ్మాయికి తన పెళ్లి కనపడదు. వెనక స్తంభం పక్కన నిలబడి పైపంచె కొసతో కళ్లొత్తుకుంటున్న నాన్న కనపడడు. కాళ్లు కడిగే నీళ్లు తెస్తూ తడబడిన తమ్ముడు కనపడడు. నెలల తర్వాత ఆల్బమ్ చేతికొచ్చినప్పుడే అవి చూస్తుంది. తాను చూడనివి చూపించే ఫొటో జ్ఞాపకాన్ని ఎత్తుకుపోదు, కొత్తగా ఇస్తుంది. గొడవంతా తాను చూడాల్సినవాటిని కూడా చూడనివ్వని ఫొటోతోనే. మంగళసూత్రం మూడో ముడి సరిగ్గా పడలేదని రెండోసారి కట్టినట్టు నటించమనే ఫొటోతో.

దూరాన ఉన్నవాళ్ల కోసం తీసే ఫొటోలకు మాత్రం నేను వకాల్తా తీసుకుంటాను. డాలస్‌లో వీసా కాగితాల్లో ఇరుక్కుని రాలేకపోయిన అన్నయ్యకి తలంబ్రాల వీడియో పంపడం వేరు. చూసినవాళ్లంతా ఏమంటారోనని ఫ్రేము సర్దుకోవడం వేరు. బరాష్, జాబర్‌మన్, డీల్ 2018లో ఈ రెండో రకాన్ని పరీక్షించారు. తమ కోసం దాచుకోవడానికి ఫొటోలు తీసినవాళ్లతో పోలిస్తే, సోషల్ మీడియాలో పెట్టడానికి తీసినవాళ్లకు ఆనందం తగ్గింది. బాగా కనిపిస్తున్నానా అన్న కలవరమే అందుకు కారణమని తేలింది. స్టేటస్‌కి ఎంతమంది చూశారని పది నిమిషాలకోసారి ఫోన్ తీసే మనకి ఈ సంగతి కనెక్టికట్ నుంచో ఫిలడెల్ఫియా నుంచో ఎవరో వచ్చి చెప్పక్కర్లేదు.

నాకు గుర్తుంది... నిజంగానా?

దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒక నలుపు తెలుపు ఫొటో ఉంటుంది. స్టూడియోలో గుడ్డ పరిచిన స్టూలు మీద, మొలతాడు తప్ప ఏమీ లేకుండా కూర్చున్న పిల్లాడు. వెనక పరదా మీద రంగులేని తాజ్‌మహలో, కొబ్బరిచెట్లో. ‘నాకు ఆ రోజు గుర్తుంది, ఫొటో తీసే ఆయన బూర ఊదాడు’ అని ఆ పిల్లాడే ఇప్పుడు యాభై ఏళ్ల వయసులో చెబుతుంటాడు. సాధారణంగా మూడేళ్ల లోపు జరిగినవి పెద్దయ్యాక గుర్తుండవు. ఆయనకు గుర్తున్నది ఫొటో. బూర సంగతి అమ్మ చెప్పి ఉంటుంది. రెండూ కలిసి జ్ఞాపకమైపోయాయి.

ఇది హాస్యానికి అంటున్నది కాదు. 2002లో కింబర్లీ వేడ్, మేరీయాన్ గ్యారీ, మరో ఇద్దరు కలిసి 20 మందికి వాళ్ల చిన్ననాటి ఫొటోలు చూపించారు. వాటిలో ఒకటి దొంగది: ఎప్పుడూ ఎక్కని వేడిగాలి బెలూన్‌లో పసివాడుగా కూర్చున్నట్టు అతికించిన ఫొటో. మూడు విడతలుగా మాట్లాడేసరికి సగం మంది ఆ ప్రయాణం కొంతో గొప్పో గుర్తుందన్నారు. పైనుంచి కిందికి చూస్తే ఎలా ఉందో కూడా కొందరు వర్ణించారు. అప్పట్లో అలాంటి ఫొటో అతికించడానికి కంప్యూటర్ తెలిసినవాళ్లు కావాలి. ఇప్పుడు ఆ పని ఇంట్లో ఎనిమిదో తరగతి పిల్ల ఫోన్‌లో చేస్తుంది. ఫ్యామిలీ ఫొటోలో లేని తాతయ్యని తెచ్చి నిలబెట్టే యాప్‌లు వచ్చాయి. చూసి కళ్లు చెమర్చడం సహజం. ఇరవై ఏళ్ల తర్వాత మనవలు ‘మా గృహప్రవేశానికి ముత్తాతగారు కూడా వచ్చారు’ అంటే ఎవరు కాదనగలరు?

మీ జ్ఞాపకాన్ని మీరే కాస్త తడిమి చూసుకోవచ్చు. ఏదైనా పాత యాత్ర తలచుకోండి. అందులో ఎదురుగా ఉన్న కొండ కనపడుతోందా, లేక కొండ ముందు నిలబడ్డ మీరే కనపడుతున్నారా? జార్జియా నీగ్రో, అల్రిక్ నైసర్ 1983లోనే ఈ రెండు రకాల జ్ఞాపకాల్ని విడదీసి చూపారు. కాలం గడిచేకొద్దీ మనల్ని మనం బయటినుంచి చూసుకోవడం ఫొటో లేకపోయినా జరిగేదే. కాకపోతే పాపికొండల లాంచీ ప్రయాణం అనగానే గోదావరి కాకుండా మన కొత్త చొక్కా గుర్తొస్తోందంటే, మనం తలచుకుంటున్నది ప్రయాణాన్నా, ఫొటోనా అని ఒక్కసారి అనుమానించాలి.

ఊళ్ల జ్ఞాపకమూ ఇంతే. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలపు హైదరాబాద్ అంటే మన కళ్ల ముందు వేటలు, దర్బారులు, భవంతులు మెదులుతాయి. ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీనదయాళ్ గాజు ఫలకాల మీద తీసి పెట్టినవి అవి. సికింద్రాబాద్ స్టూడియో నుంచి ఆయన ఎంత గొప్పగా తీశారంటే, ఫ్రేములోకి రాని నగరాన్ని ఊహించుకోవడమే మనకు కష్టమైపోయింది. ఆ వేటలో డప్పులు కొట్టి పులిని తోలినవాళ్ల పేర్లు ఏ ఆల్బమ్‌లోనూ లేవు.

ముప్ఫై ఆరు చాలేవి

రీలు కెమెరా వాడినవాళ్లకి 36 అన్న అంకె మీద మమకారం ఉంటుంది. రీలుకి ముప్ఫై ఆరు ఫొటోలు. అదృష్టం బాగుంటే ఇంకొకటి. అరకు వెళ్లినా, అమ్మాయి ఓణీల ఫంక్షనైనా అందులోనే సర్దుకోవాలి. అందుకే నొక్కే ముందు ‘తీయనా వద్దా’ అన్న ఆలోచన ఉండేది. రీలు కడిగించడానికి స్టూడియోలో ఇచ్చి, వారం ఆగి, కవరు విప్పి ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి ఒక్కొక్కటీ చేతులు మారుస్తూ చూసేవాళ్లు. కళ్లు మూసుకున్నవి, సగం తల తెగినవి కూడా పారేసేవాళ్లు కాదు. ‘ఇది బొర్రా గుహల బయట, అప్పుడే నీకు జ్వరమొచ్చింది’ అని అమ్మ అనేది. ‘కాదు, అది తిరుగు ప్రయాణంలో’ అని నాన్న అడ్డుపడేవాడు. ఆ వాదులాటే ఆ యాత్రని బతికించింది.

ఇప్పుడు ఒక్క భోగిమంటకే రెండొందలు తీస్తాం. మంచి పని. మళ్లీ ఎప్పుడు చూశాం? ‘స్టోరేజ్ ఫుల్’ అని ఫోన్ కసిరినప్పుడు చెరపడానికి చూశాం. ఫోనే ఒక పొద్దున ‘ఏడేళ్ల కిందట ఇదే రోజు’ అని ఏదో తీసి చూపిస్తే చూశాం. అదయినా మన ఎంపిక కాదు, దాని ఎంపిక. పదేపదే కొన్నిటినే తలచుకుంటుంటే, వాటి పక్కనున్న తక్కినవి అడుగున పడిపోతాయని జ్ఞాపకశక్తి మీద పనిచేసే శాస్త్రవేత్తలు 1990ల నుంచీ చెబుతున్నారు. ఫోన్ చూపించిన నాలుగు ఫొటోలే ఆ యాత్ర అయిపోతాయి.

ఫొటోల్ని మళ్లీ చూడటానికి ఎంత శక్తి ఉందో ఇంగ్లండ్‌లో ఒక కుటుంబం చూసింది. మెదడుకు వచ్చిన జబ్బుతో అరవై ఏళ్లు దాటిన ఒకావిడకి కొత్త జ్ఞాపకాలు నిలవడం మానేశాయి. కొద్ది రోజుల కిందటి విహారం కూడా గుర్తుండేది కాదు. కేంబ్రిడ్జ్‌లోని మైక్రోసాఫ్ట్ పరిశోధనశాల తయారుచేసిన ‘సెన్స్‌క్యామ్’ని మెడలో వేశారు. దానంతటదే ఫొటోలు తీసుకుంటూ పోయే చిన్న కెమెరా అది. ఆమె భర్త రెండు రోజులకోసారి ఆ ఫొటోలు ముందేసుకుని ఆమెతో కలిసి చూసేవాడు, మాట్లాడించేవాడు. కొన్ని వారాలకు ఆ సంఘటనల్లో సుమారు 80 శాతం ఆమెకు గుర్తున్నాయి. నెలల తర్వాత, ఫొటోలు చూడటం మానేశాక కూడా నిలిచాయి. డైరీ రాసి చదివి వినిపిస్తే ఇంత ఫలితం రాలేదు. 2007లో ప్రచురితమైన ఈ వివరాలు మతిమరుపు ఉన్న పెద్దలు ఇంట్లో ఉన్నవాళ్లంతా తెలుసుకోదగ్గవి. కెమెరా ఒక్కటే ఆ పని చేయలేదన్నది గమనించాలి. పక్కన కూర్చుని ‘ఇది గుర్తుందా?’ అని అడిగిన మనిషి ఉన్నాడు.

తిరుమలలో ఫోన్ ఉండదు

తెలుగునాట కోట్ల మంది అనుభవించిన ఒక సంఘటనకు స్వయంగా తీసిన ఫొటో ఒక్కటీ లేదు. తిరుమల ఆలయంలోకి ఫోన్, కెమెరా తీసుకెళ్లనివ్వరు. కౌంటర్లో ఇచ్చి చీటీ తీసుకుని క్యూలోకి వెళ్లాలి. కంపార్ట్‌మెంట్లో గంటల తరబడి కూర్చున్నాక, బంగారు వాకిలి చేరాక దక్కేది కొన్ని క్షణాలు. అప్పటికే ‘జరగండి, జరగండి’ అన్న కేక. ‘చేతులు జోడించి కళ్లు మూసుకోకురా, స్వామిని చూడు’ అని పెద్దవాళ్లు ముందే హెచ్చరించి పంపుతారు. అయినా కొందరు భక్తితో కళ్లు మూసేసుకుని, బయటికొచ్చాక నాలుక కరుచుకుంటారు.

అయినా ఆ కొన్ని క్షణాల్ని ఏళ్ల తరబడి చెప్పుకుంటాం. ఫోన్ లేకపోవడం ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. ఆ ఎదురుచూపు, నడక, పచ్చకర్పూరం వాసన, నేతిదీపాల వెలుగులో కనపడీ కనపడని రూపం, అన్నీ కలిసి పనిచేస్తాయి. అన్నిటినీ మించి, ఇంటికొచ్చాక లడ్డూ ముక్క చేతిలో పెట్టగానే ఎదుటివాళ్లు అడిగే మొదటి ప్రశ్న ‘దర్శనం బాగా జరిగిందా?’ దానికి జవాబు చెప్పాలి. పక్కింటికి, ఆఫీసులో, ఫోన్‌లో పెద్దమ్మకి మళ్లీ మళ్లీ చెప్పాలి. చూపించడానికి ఫొటో లేదు కనుక మాటల్లోనే కట్టాలి. చెప్పినప్పుడల్లా జ్ఞాపకం మరో పూత వేసుకుంటుంది. ఫొటోలున్న యాత్రకి ఆ అవసరం రాదు. ‘గ్రూపులో పెట్టాను, చూడండి’ అంటే చాలు. అవతలివాళ్లు బొటనవేలు బొమ్మ పెడతారు, మన యాత్ర అక్కడితో అయిపోతుంది.

2018లో డయానా టమీర్, జమీల్ జాకీ బృందం స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని చర్చికి కొందర్ని కెమెరాతో, కొందర్ని ఖాళీ చేతులతో పంపి, తర్వాత చర్చి వివరాలు అడిగింది. కెమెరా లేనివాళ్లే మెరుగు. కెమెరా ఉన్నవాళ్లలో సోషల్ మీడియాలో పెట్టడానికి తీసినవాళ్లూ, తమ దగ్గర దాచుకోవడానికి తీసినవాళ్లూ ఇద్దరూ వెనకబడ్డారు. ఆనందంలో మాత్రం ఇక్కడ ఎవరికీ లోటు లేదు. అందుకే మనకు తేడా తెలియదు. బాగా గడిచిందనే ఇంటికొస్తాం. ఏం గడిచిందో చెప్పమన్నప్పుడు గానీ లోటు బయటపడదు.

కాబట్టి ఫోన్ గోదాట్లో పారేయమని ఈ వ్యాసం చెప్పదు. తీయండి. కాకపోతే ఒకరు చెప్పారని తీయకండి, మీ కన్ను ఆగినచోట తీయండి. పాట వింటున్నప్పుడు జేబులో పెట్టేయండి. పెళ్లివారైతే ఫొటోగ్రాఫర్‌తో బేరం కుదుర్చుకునేటప్పుడే ఒక షరతు పెట్టండి: తెర తీసిన క్షణంలో ఎవరూ ఎవర్నీ పిలవకూడదు, ఆయన ఎటునుంచి తీసుకుంటాడో ఆయనిష్టం. మంచి ఫొటోగ్రాఫర్ దీనికి నొచ్చుకోడు, పైగా ఆల్బమ్‌లో అదే అన్నిటికన్నా మంచి ఫొటో అవుతుంది.

ఇంకొక పని మాత్రం వాయిదా వేయొద్దు. ఇంట్లో అటక మీద ఇనప్పెట్టెలోనో, బీరువా అడుగునో పాత ఫొటోల కట్ట ఉండే ఉంటుంది. కిందికి దింపి, ఇంట్లో పెద్దవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటీ చూడండి. ఎవరు, ఏ ఊరు, ఏ సందర్భం అని అడిగి ఫొటో వెనక రాయండి. పెన్సిల్‌తో, ఒత్తకుండా రాయాలి. బాల్‌పెన్ అయితే ముందువైపు గీత తేలుతుంది, సిరా పక్క ఫొటోకి అంటుతుంది. రెండో వరసలో ఎడమ నుంచి మూడో ఆవిడ ఎవరో తెలిసినవాళ్లు మీ వంశం మొత్తంలో ఇప్పుడు ఒక్కరే మిగిలి ఉండొచ్చు. ఈ ఆదివారమే అడగండి.